తొలగించాలా?

లెన్సు బయటికి రావాలి. వచ్చింది. పైనున్న చిన్న మీటను కుడికి నెడితే గోడమీది బొమ్మ దగ్గరికి రావాలి. వచ్చింది. ఎడమకు నెడితే దూరం జరగాలి. జరిగింది. ఆమె కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని మీటను మళ్ళీ ఒకసారి అటూ ఇటూ ఆడించింది. లోపలి మోటారు దోమ పాడినట్టు సన్నగా పాడితే మంచిది. పళ్ళు నూరినట్టు గరగరమందంటే ఎక్కడో ఇసుకరేణువు దూరినట్టు. గరగర లేదు.

తర్వాత చక్రం. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. టిక్కుమని తిరిగిన ప్రతిసారీ తెరమీదికి ఒక గుర్తు వస్తుంది. మనిషి మొహం, పరిగెత్తేవాడు, కొండ, పువ్వు, నెలవంక. ఆ పరిగెత్తేవాణ్ణి చూస్తే ఆమెకు మొదట్లో నవ్వొచ్చేది. ఇన్నేళ్ళు పరిగెత్తీ ఎక్కడికీ చేరనివాడు వాడొక్కడే కాదని తెలిశాక నవ్వు మానేసింది.

గోడమీద నిలువెత్తు అట్ట ఉంది. అంచుల్లో నలుపూ తెలుపూ గళ్ళు, మధ్యలో ఒక ఆడమనిషి నవ్వుతున్న ఫొటో. మొహాన్ని కనిపెట్టే కెమెరా మొహాన్ని కనిపెడుతోందో లేదో చూడటానికి ఎవరో ఎప్పుడో అతికించిన ఫొటో అది. ఆమె ఎవరో, ఏ ఊరిదో, ఉందో పోయిందో ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. ఏ పనీ చెయ్యకుండా రోజంతా నవ్వుతూ నిలబడుతుంది కాబట్టి ఆడవాళ్ళందరూ ఆవిడకు మహారాణి అని పేరు పెట్టారు.

ఫొటో తీసే బొత్తాన్ని చూపుడువేలితో సగం నొక్కింది. మహారాణి మొహం చుట్టూ ఆకుపచ్చ గడి వచ్చి కూర్చుంది. పూర్తిగా నొక్కింది. ఇక మిగతా పనంతా కెమెరా వెనకవైపు, బొటనవేలిది. త్రికోణం బొత్తాం నొక్కితే తీసిన ఫొటో కనిపిస్తుంది. చెత్తబుట్ట గుర్తున్న బొత్తాం నొక్కితే తొలగించాలా అని ఇంగ్లీషులో అడుగుతుంది. కింద రెండు మాటలుంటాయి, అవును, వద్దు. పసుపు గీత ఎప్పుడూ వద్దు మీదే నిలబడి ఉంటుంది. కంగారులో ఎవరూ ఉన్న ఫొటో పోగొట్టుకోకూడదని ఎవరో జాలిగుండెవాడు అలా పెట్టి ఉంటాడు. బొటనవేలు పై బొత్తాం నొక్కి ఆ గీతను అవును మీదికి ఎక్కిస్తుంది. నడుమనున్న ఓకే నొక్కుతుంది. ఫొటో పోతుంది. కొనేవాడికి కెమెరా ఖాళీగా చేరాలి. మహారాణి నవ్వు ఒక్కటి మిగిలిపోయినా కంపెనీకి మాటొస్తుంది.

కెమెరా అడుగున గుండ్రటి ఆకుపచ్చ చీటీ అంటించి "ఓకే" అని ట్రేలో పెట్టింది. ఆ మాట పైకి అనాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. అయినా అంటుంది. అందుకే పనిలో చేరిన కొత్తమ్మాయిలు ఆమెను ఓకే పిన్ని అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళకీ పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, కొందరు మానేసి వెళ్ళిపోయారు. పేరు మాత్రం మిగిలింది.

"పిన్నీ, ఈ రోజు కూడా అంత శ్రద్ధగా ఏం చూస్తావు? రేపటినుంచి ఇవి కొనేవాడే లేడు" అంది పక్క బల్ల దగ్గరామె. నోరు మూతపడదు కాబట్టి ఆమె పేరు బ్యాటరీ. "గరగరమంటే మాత్రం ఎవడు తిరిగి తెస్తాడు? తెచ్చినా ఎవరి మొహాన కొడతాడు? మనమే ఉండం."

"చేతిలో ఉన్నదాన్ని చూడకుండా ఎలా పెడతానే."

"నీ చెయ్యి చూస్తోంది, నువ్వు చూడట్లేదు. నువ్వు గడియారం చూస్తున్నావు. పొద్దున్నుంచీ గమనిస్తున్నా."

నిజమే. ఇవాళ ఆమె కళ్ళు గడియారం మీదున్నాయి. ఆఖరిరోజు కాబట్టి మధ్యాహ్నానికే వదిలేస్తామన్నారు. వెలుతురు ఉండగా ఇంటికి చేరాలి. అక్క మనసు మార్చుకోకముందే చేరాలి.

ఫోన్లలోనే కెమెరాలు వచ్చాక ఫ్యాక్టరీలో లైన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. మొదట ఆ చివర దీపాలు ఆర్పేశారు, తర్వాత నడిమివి. ఇప్పుడు వెలుగుతున్నది వీళ్ళ లైను ఒక్కటే. ఆ పెద్ద హాల్లో, చీకట్లో ఖాళీ బల్లల మధ్య, వీళ్ళు స్టేషన్లో ఆఖరి బండి కోసం కూర్చున్నవాళ్ళలా కనిపిస్తున్నారు. ఇవాళ్టితో ఇదీ ఆగుతుంది. పోతూపోతూ ఒక్కొక్కరికీ ఒక కెమెరా ఇస్తారట. ఒంటిమీద గీత పడ్డవి, రంగు చెదిరినవి, అమ్మకానికి పనికిరావని పక్కన పెట్టినవి.

ఈ మాట మొన్న ఇంట్లో చెప్పినప్పుడు అక్క మంచంమీద దిండ్లకు ఆనుకుని ఉంది. కాళ్ళు వాచి స్తంభాల్లా ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడదు. గుండె చాలా అలిసిపోయిందనీ, ఆసుపత్రిలో పెట్టి చేసేది కూడా ఏమీ లేదనీ, ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండమనీ డాక్టరు చెప్పేశాడు. ఆ మాట అక్కకు చెప్పకుండా ఆమె దాచింది. అక్కకు తెలిసిపోయింది. తెలిసినట్టు ఈమెకు తెలియకుండా అక్క దాచింది. ఒకే గదిలో ఇద్దరూ ఆ ఒక్క మాట చుట్టూ తప్పుకుని తిరుగుతున్నారు.

"కెమెరా ఇస్తారా? సరే, తెచ్చి నన్నొక ఫొటో తియ్యవే" అంది అక్క ఉన్నట్టుండి.

ఆమె నమ్మలేకపోయింది. అక్కకు ఫొటో అంటే పడదు. జీవితమంతా ఎవరు తియ్యబోయినా చెయ్యి అడ్డం పెట్టి, "నా మొహానికి ఫొటో ఒకటా, మీ డబ్బా పగులుతుంది" అని తప్పుకుంది. చెల్లెలి పెళ్ళిలో తీసిన ఫొటోల్లో కూడా అక్క లేదు. ఆ రోజంతా వంటింట్లో ఉంది. ఆ ఫొటోల ఆల్బమ్ కూడా ఇప్పుడు లేదు. వేరే ఊళ్ళో పని దొరికిందని పెళ్ళికొడుకు పెట్టె సర్దుకుని వెళ్ళాడు, ఆల్బమ్ ఆ పెట్టెలోనే వెళ్ళింది. మనిషీ రాలేదు, పెట్టే రాలేదు. ఆ సాయంత్రం అక్క ఒక్కమాట కూడా అడగకుండా తన మంచం పక్కన ఇంకో మంచం వేసింది, అంతే. ఇక మిగిలింది గుర్తింపుకార్డు మీది ఫొటో. అది మసిగుడ్డ మీద వేలు రాసినట్టుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా అక్కే నవ్వేది. "ఇదెవరే? ఈ దొంగమొహం దాన్ని పోలీసులు ఇంకా పట్టుకోలేదా?"

"ఇప్పుడెందుక్కా ఫొటో?" అంది ఆమె, అడగకూడదని తెలిసే.

"రేపొద్దున గోడకి మేకు కొట్టుకుంటావుగా. ఉత్త మేకుని చూసి ఏం ఏడుస్తావు? చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదే."

ఆమె గిన్నెలు తోమే నెపంతో లేచి వెళ్ళి, నీళ్ళు గట్టిగా వదిలి ఏడ్చింది. ఏడుస్తూనే, అక్క మాట ఇచ్చింది, వెనక్కి తీసుకోకముందే తియ్యాలి అనుకుంది. అప్పటినుంచీ అదే ధ్యాస. కూర్చున్నా అదే, నించున్నా అదే.

ఫొటో అక్క ఒక్కదానిదే అయితే ఇంత తాపత్రయం ఉండేది కాదేమో. అమ్మ పోయేసరికి ఆమెకు ఇంకా మాటలు సరిగా రాలేదు. అమ్మ మొహం ఆమెకు తెలియదు. అమ్మకీ ఫొటో లేదు. ఆ మొహం చూసినవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది అక్క ఒక్కతే. చిన్నప్పుడు "అమ్మ ఎలా ఉండేదక్కా?" అని అడిగితే అక్క పూటకో మాట చెప్పేది. నీలా గుండ్రంగా ఉండేదనేది. కోపమొస్తే నాలా ఉండేదనేది. ఒక్కోసారి విసుక్కుని, "రెండు కళ్ళు, ఒక ముక్కు, అందరికీ ఉన్నట్టే. పడుకో" అనేది. అక్క మాత్రం అప్పటికి ఏపాటిది, పొడుగు జడ, పొట్టి గౌను. ఇస్త్రీ దుకాణంలో పెట్టె పట్టుకునేందుకు బల్ల అందక, పీట వేసుకుని నిలబడేదట. ఆ పీటమీదే పెద్దదైంది. ఆ ఆవిర్లలోనే చెల్లెల్ని చదివించింది, పెళ్ళి చేసింది, పెళ్ళి చెడితే మళ్ళీ తెచ్చుకుంది. అక్క పోవడమంటే అక్కతోపాటు అమ్మ మొహం కూడా రెండోసారి పోవడమే.

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. బెల్టు ఆగింది. ఆగినచోట దానిమీద ఏమీ లేదు. సూపర్‌వైజరు వచ్చి గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయి, "అందరూ బాగుండండమ్మా" అని ఊరుకున్నాడు. అతనికి మాత్రం రేపు ఎక్కడుంది? కెమెరాలున్న అట్టపెట్టె బల్లమీద పెట్టి తీసుకోండన్నాడు. ఆడవాళ్ళు చీరల దుకాణంలోలా మీదపడ్డారు. ఆమె మాత్రం ఒక్కొక్కటీ చెవిదగ్గర పెట్టుకుని విని, ఎర్రటిదొకటి ఏరుకుంది. మూతిమీద గోరుతో గీసినట్టు గీత. మోటారు మాత్రం దోమలా పాడుతోంది.

"కార్డు లేదమ్మా ఇందులో" అన్నాడు సూపర్‌వైజరు. "లోపల ఉన్న కాస్త చోటులో నాలుగు ఫొటోలు పడతాయి, అంతే."

"నాకు ఒక్కటి చాలండి."

బ్యాటరీ గోడమీది అట్ట దగ్గరికి వెళ్ళి మహారాణి బుగ్గ గిల్లింది. "నీ పనే బాగుందమ్మా. మేం పోయినా నవ్వుతూనే ఉంటావు" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె కళ్ళు ఒత్తుకుంది. గేటు దగ్గర బ్యాటరీ ఆమె భుజంమీద చెయ్యి వేసింది.

"రేపటినుంచి ఏం చేస్తావు పిన్నీ?"

"అక్కని చూసుకుంటా."

"తర్వాత?"

అడిగాక బ్యాటరీ నాలిక కరుచుకుంది. ఇద్దరూ చెరో బస్సు ఎక్కారు.

ఇల్లు మేడమీద, రెండు గదులు. మెట్లెక్కుతుండగానే పక్కింటావిడ గొంతు వినిపించింది. "ఊరుకోండి, పెళ్ళిచూపులకి కూడా ఎవరూ ఇంతసేపు దువ్వుకోరు." తలుపు తోసి చూస్తే అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. పక్కింటావిడ వెనక నిలబడి తల దువ్వుతోంది. ఉన్న నాలుగు వెంట్రుకలకీ నూనె రాసి, నున్నగా ముడి వేసింది. అక్క ఒంటిమీద నీలంరంగు బట్టలు, ఎప్పుడో దాచుకున్నవి. మడతలు ఇంకా కత్తిలా నిలబడే ఉన్నాయి. ఆ మడతలు అక్క స్వయంగా, చేతిలో సత్తువ ఉన్నరోజుల్లో పెట్టినవే.

"వచ్చావా? ఎంతసేపే? వీపు పడిపోతోంది. ఇంకాసేపు ఆగితే నా అందం కరిగిపోయేది" అంది అక్క. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నన్ను కూడా తీస్తావేమో అనుకున్నా, మొహం కడుక్కోలేదు" అని నవ్వి, పొయ్యిమీద ఏదో ఉందంటూ పక్కింటావిడ వెళ్ళిపోయింది.

ఆమె కెమెరా తీసి అక్క ఎదుట మోకాళ్ళమీద కూర్చుంది. మొదట మెనూలోకి వెళ్ళి భాష మార్చింది. చివరి మోడళ్ళలో మన భాష కూడా పెట్టారు. ఫ్యాక్టరీలో దాన్ని ఎప్పుడూ వాడలేదు, వరసలో చివర ఎక్కడో ఉంటుందని మాత్రం తెలుసు. అక్క చూసుకునేటప్పుడు అన్నీ మన మాటల్లో కనబడాలని ఆమె కోరిక. చక్రం తిప్పి మనిషి మొహం గుర్తు దగ్గర ఆపింది. ఫ్లాష్ వద్దనుకుంది. కిటికీలోంచి పడుతున్న ఎండ అక్క ఎడమచెంపకు ఆనుకుని, అడగకుండా ఎవరో పెట్టిన దీపంలా ఉంది.

"అక్కా, కళ్ళజోడు తియ్యి. మెరుస్తోంది."

"తీస్తే నువ్వు కనపడవు."

"నేను కనపడక్కర్లేదు. నువ్వు కనబడాలి."

అక్క కళ్ళజోడు తీసి చేయి చాచి కిటికీ గట్టుమీద పెట్టింది. ముక్కుకి రెండు వైపులా లోతైన నొక్కులు. కళ్ళజోడు లేని అక్క మొహం ఆమెకు కొత్తగా ఉంది. కళ్ళు మెత్తగా, ఎటు చూడాలో తెలియని పసిపిల్ల కళ్ళలా ఉన్నాయి.

"ఎటు చూడనే?"

"ఇటు, నా గొంతు వినపడే వైపు."

"నవ్వనా?"

"నీ ఇష్టం."

"అరువు చెప్పులేసుకున్నట్టు ఉంటుందేమో, అలవాటు లేని నవ్వు." అని తన మాటకు తనే నవ్వింది అక్క. దగ్గు రాకుండా, ఊపిరి తెగకుండా, నిజంగా నవ్వింది. ఆకుపచ్చ గడి వెళ్ళి ఆ మొహంమీద వాలింది. ఆమె చూపుడువేలు సగం నొక్కింది, పూర్తిగా నొక్కింది.

టిక్కు.

బొటనవేలు త్రికోణం నొక్కింది. తెరనిండా అక్క. ముడివేసిన తల, వెలుగు పడిన చెంప, నవ్వుకు ముడుచుకున్న కంటికొసలు. అబ్బ, ఎంత బాగా వచ్చింది అనుకుంది ఆమె. అలా అనుకుంటూనే ఉంది. ఆ అనుకోవడం ఇంకా పూర్తి కాలేదు. బొటనవేలు చెత్తబుట్ట నొక్కింది. పై బొత్తాం నొక్కింది. ఓకే నొక్కింది.

"ఓకే" అంది ఆమె నోరు.

తెర నల్లబడింది. నల్లటి తెర మధ్యలో తెల్లటి అక్షరాలు, చక్కటి మన భాషలో: చిత్రాలు లేవు.

ఆమె ఆ రెండు మాటలూ చదివింది. మళ్ళీ చదివింది. తొలగించాలా అని అది అడిగే ఉంటుంది. పసుపు గీత పాపం వద్దు మీదే నిలబడి, ఆగమని చెప్పే ఉంటుంది. ఆమెకు ఏదీ కనబడలేదు. ఇన్నేళ్ళు ఆమెకు అన్నం పెట్టిన వేలు, దానికి తెలిసిన పని అది చేసేసింది.

"ఏదీ, చూపించు" అంది అక్క.

"అక్కా..."

"ఇటివ్వవే. మొట్టమొదటి ఫొటో. చూసుకోనీ."

చేయి ముందుకు చాచి, అక్క కెమెరా లాక్కుంది. కళ్ళజోడు కోసం వెతకలేదు. మొహానికి దగ్గరగా పెట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది. లేచి కుర్చీ వెనకనుంచి వంగిన ఆమెకు ఆ నల్లటి గాజుపలకలో, అక్షరాల వెనక, అక్క మొహం నీడ మసకమసకగా కదలడం కనిపించింది.

అక్క చాలాసేపు చూసింది.

"ఒసేయ్ చిన్నదానా, అచ్చం అమ్మే. ఈ వయసుదాకా అమ్మ ఉండుంటే ఇలాగే ఉండేది. ఇదిగో ఈ నుదురు, ఈ గడ్డం. ఎన్నిసార్లు అడిగి ప్రాణం తీశావు, అమ్మ ఎలా ఉంటుందని. ఇదిగో. ఇక నన్ను అడక్కు. ఇదే చూసుకో."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అక్కా, ఇందులో ఏమీ లేదు, నా చెయ్యి పాడుగాను, చెరిపేశాను అని చెప్పాలి. అక్క మొహం చూసింది. ఆ మొహంలో ఉన్న సంతోషం ఆమె ఎన్నాళ్ళుగానో చూడనిది. దాన్ని తన చేత్తో ఎలా లాక్కుంటుంది? ఒకదాన్ని చెరిపేసిన నిమిషంలోనే ఇంకోదాన్నా?

"ఇంకోటి తీస్తానక్కా" అంది మెల్లగా. "ఇలాగే కూర్చో. ఒక్క నిమిషం."

"వద్దొద్దు. ఇంత బాగా మళ్ళీ రాదు. ఆశపోతు, ఒకటి చాలదా?" అక్క కెమెరాను చెల్లెలి చేతిలో పెట్టి, దానిమీద ఒకసారి తట్టింది. కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "అలిసిపోయానే. కాస్త టీ పెట్టు. పంచదార వేసి పెట్టు, ఈ రోజుకి డాక్టరు చూడడులే."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు పెట్టి, పొయ్యి ముందు నిలబడి, చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. 'అక్కా, తిట్టకు.' కాదు. 'అక్కా, ఆ ఫొటోలో వెలుతురు తక్కువైంది, ఇంకోటి తీసుకుందాం.' అదీ అబద్ధమే, కానీ చిన్నది. టీ తాగాక అక్కకి కాస్త ఓపిక వస్తుంది. అప్పుడు అడగాలి. ఎండ ఇంకా కాసేపుంటుంది. ఈసారి ఎడంచేత్తో పట్టుకోవాలి, బొటనవేలికి ఏదైనా గుడ్డ చుట్టుకోవాలి. గుడ్డ చుట్టుకుంటే అక్క ఏమైందే అని అడుగుతుంది. కాలిందని చెప్పాలి. టీ పొంగి పొయ్యిమీద పడింది. తుడవలేదు. రెండు చెంచాల పంచదార వేసి, ఇంకొంచెం వేసింది.

"అక్కా, టీ."

అక్క తల కిటికీ వైపు వాలి ఉంది. ముడి చెదరలేదు. చేతులు ఒళ్ళో ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఎండ చెంపమీదినుంచి మెడమీదికి దిగింది.

"అక్కా, చల్లారిపోతుంది."

గ్లాసు కింద పెట్టి, భుజంమీద చెయ్యి వేసింది. అక్క ఊపిరి ఆ గదిలో ఎన్నో నెలలుగా రంపం కోసినట్టు వినపడుతూనే ఉండేది. రాత్రుళ్ళు అది వింటూనే ఆమె నిద్రపోయేది. ఇప్పుడు వీధిలో ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. కింద కుళాయి కారడం వినిపించింది.

ఆమె అరవలేదు. అక్క ఎదుట, ఇందాక ఫొటో తీసిన చోటే, మోకాళ్ళమీద కూలబడి ఆ మొహంలోకి చూసింది. నుదురు చూసింది. గడ్డం చూసింది. ఈ నుదురు, ఈ గడ్డం అంది కదా, ఎక్కడో ఉండాలి అనుకుంటూ అమ్మ కోసం వెతికింది. వెతికినకొద్దీ ఆ మొహం ఖాళీ అవుతూ వచ్చింది. కాసేపటికి అందులో అమ్మే కాదు, అక్క కూడా కనబడలేదు.

టీ మీద మీగడ కట్టింది. దువ్వెన కోసమని వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వచ్చి అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మణికట్టు పట్టుకుని చూసింది. ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఇందాకే కదమ్మా, నన్ను ఎన్నేసి మాటలంది. దువ్వెన పళ్ళు గుచ్చుతున్నావంటూ తిట్టింది." కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది. "మొహం ఎంత నిమ్మళంగా ఉందో. నిద్రపోతున్నట్టే ఉంది. ఆ కెమెరా తెచ్చావుగా, ఒకటి తీసి పెట్టుకో తల్లీ. ఫొటోలకి ఒప్పుకునేదే కాదుగా పాపం. రేపు చూసుకోడానికి ఉంటుంది."

"తీశానండీ" అంది ఆమె.

"ఎప్పుడు?"

"ఇందాకే. నవ్వుతుంటే తీశాను. చాలా బాగా వచ్చింది. అక్క కూడా చూసుకుంది. మా అమ్మలా ఉందంది."

"అంతే చాలమ్మా. అదృష్టవంతురాలివి."

డాక్టర్ని పిలుచుకొస్తానని పక్కింటావిడ మెట్లు దిగి వెళ్ళింది. ఆమె లేచి అక్క బట్టల మడత సరిచేసింది. ఎండ గదిలోంచి పూర్తిగా వెళ్ళిపోయింది. వీధిలో దీపాలు వెలిగాయి. కిటికీ గట్టుమీద అక్క కళ్ళజోడు, ఒక కాడ మడిచి, ఒక కాడ చాచి, పెట్టినది పెట్టినట్టే ఉంది. దాని రెండు అద్దాల్లోనూ వీధిదీపం చెరొకటిగా, చాలా చిన్నగా, వెలుగుతోంది.